ఎడమ పక్కన నది

పడకా వంటిల్లూ లోపలే ఉండే ఇంటిబండికి రోడ్డు మీద ఇంకో ఇంటిబండి ఎదురైతే లోపలివాళ్ళు చెయ్యెత్తి పలకరించుకుంటారు. ముక్కూ మొహం తెలియనక్కర్లేదు, దేశమూ భాషా కలవనక్కర్లేదు. చెయ్యెత్తనివాడు బండి అద్దెకు తెచ్చుకున్నవాడైనా అయ్యుంటాడు, పొగరుబోతైనా అయ్యుంటాడు. ఈ విషయంలో దౌవెని మించిన మర్యాదస్తుడు యూరప్ మొత్తం గాలించినా దొరకడు. హాలండ్‌లో స్నేక్ అనే ఊళ్ళో కాలువ మీద వంతెన ఎత్తి దించడం అతని ఉద్యోగం. వంతెన కింద నుంచి పోయే ప్రతి పడవకీ చెయ్యెత్తేవాడు. రిటైరై ఇంటిబండి కొన్నాక ఆ చెయ్యి పడవల మీంచి బళ్ళ మీదకి మారింది, అంతే తేడా. అద్దం మీద వాన దంచి కొడుతున్నా, పక్క సీట్లోంచి పెళ్ళాం రెన్స్కా వేడి కాఫీ అందిస్తున్నా, ఎదురుగా ఇంటిబండి కనిపిస్తే చాలు, అతని చెయ్యి దానంతటదే లేచేది.

అలాంటిది ఈసారి ఫ్రాన్సు మొత్తం దాటి స్పెయిన్‌లోకి వచ్చేశారు, దౌవె చెయ్యి ఒళ్ళోంచి కదల్లేదు.

"వాళ్ళు చెయ్యెత్తారు," అంది రెన్స్కా, స్టీరింగ్ రెండు చేతులా పట్టుకుని.

"ఎవరు?"

"ఎవరేంటి? ఇప్పుడు పోయిన బండివాళ్ళు. మొగుడూ పెళ్ళామూ ఇద్దరూ ఎత్తారు."

"ఓహో," అన్నాడు దౌవె, తన పక్క కిటికీలోంచి ఆవుల్ని చూస్తూ. "నువ్వెత్తాల్సింది."

"నా చేతులు రెండూ స్టీరింగ్ మీదున్నాయి. నీవి ఒళ్ళో పెట్టుకుని ఏం చేస్తున్నావు, గుడ్లు పొదుగుతున్నావా?"

దౌవె నవ్వలేదు. ఆమె వైపు తిరగనూ లేదు. రెన్స్కాకి ఒళ్ళు మండిపోయింది. ఊళ్ళో బయల్దేరిన దగ్గర్నుంచీ ఇదే వరస. ఆమె బండి నడుపుతున్నంతసేపూ అటు తిరిగి కూర్చుంటాడు. ఆవుల్ని చూస్తాడు, గోడల్ని చూస్తాడు, పెట్రోలు బంకుల్ని చూస్తాడు. పెళ్ళాం మొహం తప్ప అన్నీ చూస్తాడు.

అతనికి చలికాలంలో చిన్నగా పక్షవాతం తగిలింది. మాట తడబడింది, ఎడమ చెయ్యి మొద్దుబారింది, కొద్దిరోజుల్లోనే రెండూ సర్దుకున్నాయి. ఆ తర్వాత ఆస్పత్రికి ఒక్కడే వెళ్ళొచ్చి, "కొన్నాళ్ళు స్టీరింగ్ ముట్టుకోవద్దన్నారు. రూలట," అన్నాడు. రూలు అనే మాట వినపడితే హాలండ్‌లో ఎవరూ ఎదురు ప్రశ్న వెయ్యరు. రెన్స్కా కూడా వెయ్యలేదు. "అయితే నేను నడుపుతా," అంది. అప్పటిదాకా ఆమె నడిపింది ఇంటి నుంచి ఈతకొలనుకి వెళ్ళే చిన్న కారు ఒక్కటే. ఆ కొలనులో ఊరి పిల్లలందరికీ ఈత నేర్పింది. నీళ్ళంటే వణికిపోయేవాళ్ళని "దూకు" అని ఒక్క మాటతో దూకించిన మనిషి, ఇంత పొడవు బండిని చూసి తను వణక్కూడదు కదా. వసంతం రాగానే బండి తాళం తీసుకుంది. ఉత్తర స్పెయిన్ కొండల్లో వాళ్ళు ఏటా దిగే పచ్చికబయలు ఒకటుంది. అక్కడ ఆవుల మెడగంటలు వింటూ టీ తాగి, బీచ్ అనే కొండచెట్ల అడవిలో నడవడం కోసం మిగతా ఏడాదంతా ఎదురుచూస్తారు. ఈ ఏడాది మాత్రం ఎందుకు మానాలి?

మానాల్సిందేనేమో అని ఇప్పుడు అనిపిస్తోంది. ఇంటిబళ్ళ లోకంలో పనులు ఎప్పుడో పంచేసుకున్నారు. మొగుడు నడుపుతాడు, పెళ్ళాం దిగి వెనక నిలబడి చేతులూపుతుంది. బండి వెనక్కి పెట్టే ఆ కాసేపూ చుట్టుపక్కలవాళ్ళు మడతకుర్చీలు ఇటు తిప్పుకుని మరీ తమాషా చూస్తారు. అలా చేతులూపుతూ రెన్స్కా తిన్న చీవాట్లకి లెక్కలేదు. "నా అద్దంలో నీ మొహం కనపడకపోతే నువ్వు లేనట్టే. ఎన్నిసార్లు చెప్పాలి?" అని అరిచేవాడు దౌవె. ఇప్పుడు పనులు తారుమారయ్యాయి. పెళ్ళాం నడిపే బండిలో పక్క సీట్లో కూర్చోవడం పెద్దమనిషికి తలకొట్టేసినట్టుంది. లోకానికి మొహం చూపించలేక చెయ్యి కూడా ఎత్తట్లేదు. రెన్స్కా అర్థం చేసుకున్నది ఇదీ.

తిండి దగ్గరా అదే పంతం. స్పెయిన్లో బంగాళాదుంపలు పండవన్నట్టు ఇంటి నుంచి బస్తా మోసుకొచ్చి, ఉడకబెట్టి, మెత్తగా మెదిపి పెడుతుంటే, పళ్ళెంలో ఒక పక్కది తిని రెండో పక్కది అలాగే వదిలేస్తున్నాడు. "ఏం, ఉప్పు తగ్గిందా?" అంటే "బాగుంది, అయిపోయింది," అంటాడు. కళ్ళెదుట అంత మిగిల్చి అయిపోయిందనడం వెక్కిరింపు కాక మరేమిటి?

అందుకే నిన్న కూతురు యాంటినా ఫోన్ చేసినప్పుడు రెన్స్కా కాదని చెప్పలేకపోయింది. యాంటినా మొదటి నుంచీ ఈ ప్రయాణం వద్దంటూనే ఉంది. అల్లుడి స్నేహితుడొకాయన బండి కావాలని అడుగుతున్నాడట. వేసవిలోపే కావాలట. "రేపు మధ్యాహ్నం మాట్లాడతా, ఏదో ఒకటి చెప్పమ్మా. ఈ వయసులో మీకెందుకీ తిప్పలు?" అంది. మిగతా ఏ రోజైనా రెన్స్కా కూతుర్ని దులిపేసేదే. నిన్న మాత్రం, "సరే, రేపు చెప్తా," అంది. బండి నడపడం ఆమెకి కష్టంగా లేదు. కష్టమల్లా తన మొహం చూడని మనిషి పక్కన కూర్చుని నడపడం. మిగిలిన జీవితమంతా ఇలా గడపాలంటే బండి వద్దు, కొండలూ వద్దు. పైన పచ్చికబయలుకి చేరేలోపు ఈయన ఒక్కసారన్నా ఇటు తిరిగి మామూలుగా మాట్లాడితే సరి, లేకపోతే అమ్మెయ్యమని చెప్పేద్దామని తనలో తను నిశ్చయించుకుంది. ఈ సంగతి దౌవెకి చెప్పలేదు.

దేవా నది పక్కనుంచి రోడ్డు కొండల్లోకి దూరింది. ఆ దేశాల్లో బళ్ళు రోడ్డుకి కుడిపక్కన పోతాయి, స్టీరింగ్ ఎడమ సీటు ముందుంటుంది. కుడివైపు నిటారుగా కొండ, ఎడమవైపు మోకాలెత్తు పిట్టగోడ, దాని కింద నది. కొన్నిచోట్ల కొండ రోడ్డు మీదకి వంగి ఉంటుంది. కారులో పోయేవాళ్ళకి అది అందం. నెత్తి మీద పడకగది మోసుకుపోయే బండివాళ్ళకి గుండెదడ. రెన్స్కా మధ్యగీతని ఆనుకుని నెమ్మదిగా నడుపుతోంది. చొక్కా వీపుకి అంటుకుపోయింది. అయినా చేతులు వణకట్లేదని ఆమెకే తెలిసి లోపల కొంచెం గర్వంగా కూడా ఉంది. ఆ గర్వం పంచుకుందామంటే పక్కనున్నవాడు కొండరాళ్ళు చూస్తున్నాడు.

ఒక మలుపు దగ్గర, వానకి విరిగిపడిన రాళ్ళు ఆమె వైపు రోడ్డుని మూసేశాయి. చుట్టూ ఎర్ర కోన్లు పెట్టి, నది పక్కన ఒక్క బండికే దారి వదిలారు. అటునుంచి ఎవరూ రావట్లేదని చూసుకుని రెన్స్కా ముందుకు పోనిచ్చింది. సగం దూరం వెళ్ళిందో లేదో, మలుపు తిరిగి ఇంకో ఇంటిబండి దిగుతూ వచ్చింది. దాని వెనక పాల ట్యాంకరు, దాని వెనక కార్లు. వాళ్ళు వెనక్కి పోయే పరిస్థితి లేదు. రెన్స్కా వెనక మాత్రం ఎవరూ లేరు.

ఎదుటి బండిలోంచి పొట్టి జుట్టున్న ఒకావిడ తల బయటపెట్టింది. బండి మీద బిల్బావో అనే ఊరి సైకిల్ సంఘం బొమ్మ ఉంది. "మీరే పోవాలమ్మా," అంది వచ్చీరాని ఇంగ్లీషులో, నొచ్చుకుంటూ. "మా వెనక పాలాయన. ఆయనతో పెట్టుకోలేం."

"దిగు," అంది రెన్స్కా మొగుడితో. "వెనక కొంచెం దూరంలో నదివైపు వెడల్పు జాగా ఉంది. అందులోకి పెట్టాలి. ఇటు కొండవైపు ఆగామంటే నెత్తి తగులుతుంది."

దౌవె దిగాడు. దిగేటప్పుడు తలుపుకి ఎడమ భుజం కొట్టుకుంది. ఎన్నోసారో. బండి వెనక్కి వెళ్ళి, దానికి ఎదురుగా, రోడ్డు మధ్యకి కాస్త కొండవైపుగా నిలబడి రెండు చేతులూ లేపాడు. ఇన్నేళ్ళూ పెళ్ళానికి నేర్పిన పద్ధతిలోనే, "రా, రా," అని ఊపుతున్నాడు. రెన్స్కా రివర్స్ వేసింది. బండి కీచుకీచుమంటూ వెనక్కి నడిచింది. కోన్లు దాటింది. నదివైపుకి తిప్పింది. కుడి అద్దంలో దౌవె చేతులు హుషారుగా రమ్మంటున్నాయి. ఎడమ అద్దంలోకి చూసిందామె.

ఆ జాగా మొదట్లో నడుమెత్తు కిలోమీటరు రాయి ఉంది. కొత్తగా ఎర్రరంగు పూశారు. బండి వెనక మూల సరిగ్గా దాని మీదకే పోతోంది.

"రా, ఇంకా రా, బోలెడు చోటుంది," అంటున్నాడు దౌవె.

రెన్స్కా బ్రేకు తొక్కింది. ఒక్క క్షణం ఆమెకి నిజంగానే, ఈయన బండి గుద్దించి తన చేతకానితనం లోకానికి చూపించాలనుకుంటున్నాడేమో అనిపించింది. అలా అనిపించినందుకు తర్వాత చాలాసార్లు సిగ్గుపడింది కానీ, అప్పుడు మాత్రం మంటగానే ఉంది. హ్యాండ్‌బ్రేకు లాగి, తలుపు తీసి, ఈతకొలను గొంతుతో అరుస్తూ దిగింది.

"ఏం మనిషివి నువ్వు? ఆ రాయి కనపడట్లేదా?"

"ఏ రాయి?"

ఆ మాట అన్న తీరుకి రెన్స్కా ఆగిపోయింది. అందులో వెటకారం లేదు. పంతం లేదు. బడిలో చెప్పని పాఠం అడిగితే పిల్లాడు బెదిరినట్టు అడిగాడు. అడుగుతూ కుడివైపు కొండ కింద వెతుకుతున్నాడు. రాయి అతనికి ఎడమవైపు, నాలుగడుగుల దూరంలో, రక్తమంత ఎర్రగా ఉంది.

ఆమె చప్పుడు చెయ్యకుండా అతని ఎడమవైపుకి నడిచి నిలబడింది. చెయ్యి చాస్తే అందేంత దగ్గర. దౌవె ఆమె అంతకుముందు నిలబడిన చోటుకేసి చూస్తూ, "రెన్స్కా?" అన్నాడు.

"ఇక్కడున్నాను."

అతను ఉలిక్కిపడి తల పూర్తిగా ఇటు తిప్పాడు. అప్పుడు ఆమె కనపడింది. ఆమె వెనక రాయీ కనపడింది. దౌవె మొహం పాలిపోయింది.

పళ్ళెంలో వదిలేసిన సగం, తలుపుకి కొట్టుకునే భుజం, ఒళ్ళోంచి లేవని చెయ్యి, అన్నీ రెన్స్కాకి ఒక్కసారిగా అర్థమయ్యాయి. ఎదురొచ్చే బళ్ళన్నీ ఎడమవైపు నుంచే పోతాయి. ఇన్నేళ్ళూ అతను బండి నడిపేటప్పుడు ఆమె కుడిపక్కన ఉండేది. ఇప్పుడు స్టీరింగ్ ఆమెది, కాబట్టి ఆమె ఎడమపక్కన కూర్చుంటోంది. ఇంటి గుమ్మం దాటినప్పటి నుంచీ దౌవె తన మొహం చూడకపోవడం కాదు, ఆ పక్క అతనికి లోకమే లేదు.

"ఎంత కనపడదు?" అంది.

"సగం," అన్నాడు దౌవె. "రెండు కళ్ళకీ ఎడమవైపు సగం. కళ్ళు బాగానే ఉన్నాయట, లోపల చూసుకునే చోటు దెబ్బతిందట. ఇది ఇంక రాదన్నారు. నడపనివ్వనిది కొన్నాళ్ళు కాదు, ఇంకెప్పుడూ నడపనివ్వరు."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే యాంటినాకి చెప్తావు. అది బండి అమ్మేయిస్తుంది. ఆ తర్వాత కిటికీ దగ్గర కూర్చోబెట్టి దుప్పటి కప్పుతుంది." "నిన్ను చూడాలంటే మెడ అంతా తిప్పాలి. మాటిమాటికీ తిప్పితే నీకు అనుమానం వస్తుందని తిప్పలేదు. నీ మాటలు వింటూ కూర్చున్నా. అస్తమానం తిడుతున్నావు కాబట్టి పక్కనే ఉన్నావని తెలుస్తూనే ఉంది."

రెన్స్కాకి ఏడుపూ నవ్వూ కలిసొచ్చాయి. చెంప మీద ఒకటి ఇవ్వాలనీ అనిపించింది, గట్టిగా పట్టుకోవాలనీ అనిపించింది. అతని కోటు కాలర్ పట్టుకుని ఊపింది.

"ఎంత తెలివి తక్కువ మనిషివయ్యా నువ్వు. నేనేమో నువ్వు అలిగావనుకుని బండి అమ్మేద్దామని చూస్తున్నా."

"నేనెందుకు అలుగుతా? నువ్వు నాకంటే బాగా నడుపుతున్నావు."

"ఆ మాట ఫ్రాన్సులో అనుంటే నీ సొమ్మేం పోయేది?"

పాల ట్యాంకరు హారన్ కొట్టింది. బిల్బావో ఆవిడ కూడా దిగొచ్చింది. మొగుడూ పెళ్ళాల గొడవ మధ్యలోకి వచ్చానని తెలిసి దూరంగానే ఆగి, "నేను చూడనా వెనక?" అని అడిగింది.

ఆవిణ్ణి చూడమంటే పని అయిపోయేదే. రెన్స్కా సరేనని తలూపబోయింది. దౌవె మాత్రం రాయినీ, నదినీ, బండినీ మార్చి మార్చి చూస్తున్నాడు. కాలువ మీద పెద్ద పడవ ఇరుకులోంచి పోవాల్సి వచ్చినప్పుడు వంతెన మీద నిలబడి చూసే చూపు అది. రెన్స్కా చాలారోజులకి ఆ చూపు చూసింది.

"ఉండండి," అన్నాడు. "తప్పు నాదే. తప్పు చోట నిలబడ్డా. నేను అటు వెళ్తా, నది పక్కకి. అప్పుడు రాయీ బండీ అన్నీ నాకు కుడివైపు వస్తాయి. ఎడమ పక్కన నది ఒక్కటే ఉంటుంది."

"మరి నది?"

"దాన్ని చూసేదేముంది. వినపడుతోందిగా."

బిల్బావో ఆవిడకి ఈ ముక్క ఎంత అర్థమైందో తెలియదు కానీ, ఇంక అడగలేదు. తన బండి దగ్గరికి వెళ్ళి పాలాయన వైపు తిరిగి, కాస్త ఓపిక పట్టమని వాళ్ళ భాషలో గట్టిగానే చెప్పింది.

దౌవె జాగా చివరికి వెళ్ళి బండికేసి తిరిగి, పిట్టగోడకి ఎడమ పిక్క ఆనించి నిలబడ్డాడు. రెన్స్కా ఎక్కి కూర్చుని ఎడమ అద్దంలోకి చూసింది. అద్దం నిండా అతనే. మొహం, టోపీ, రెండు చేతులూ స్పష్టంగా ఉన్నాయి.

"నా అద్దంలో కనపడుతున్నావు," అని అరిచింది. "అంటే ఉన్నట్టే."

"నోరు మూసుకుని ముందుకెళ్ళు. రాయి దాటాక మళ్ళీ వెనక్కి రా."

ఆమె ముందుకెళ్ళి, తిప్పి, వెనక్కి వచ్చింది. అతను ఆపమన్నచోట ఆపింది, కుడికి అన్నప్పుడు కుడికి తిప్పింది. రాయికీ బండికీ మధ్య ఒక మనిషి పట్టేంత చోటు వదిలి, వెనక చక్రాలు కంకరలోకి మెత్తగా దిగాయి. రెన్స్కా స్టీరింగ్ మీద తల వాల్చేసింది.

దారి ఖాళీ అయింది. ముందు బిల్బావో బండి కదిలింది. పిట్టగోడ దగ్గర నిలబడ్డ దౌవెకి దిగి వచ్చేవాళ్ళందరూ కుడివైపునే ఉన్నారు. అద్దంలోంచి రెన్స్కా చూస్తుండగా అతని చెయ్యి లేచింది. బిల్బావోవాళ్ళు చెయ్యెత్తారు. పాలాయన ఇంటిబండివాడు కాకపోయినా, హారన్ కొట్టినందుకు కాబోలు, టోపీ తీశాడు. దౌవె ఆయనకీ ఎత్తాడు, వెనక కార్లకీ ఎత్తాడు, చిట్టచివర వచ్చిన చెత్తబండికీ ఎత్తాడు. ఫ్రాన్సు నుంచీ బాకీపడ్డవన్నీ అక్కడే తీర్చేసుకుంటున్నట్టున్నాడు. రెన్స్కాకి అద్దం మసకబారింది. తుడుచుకోవాల్సింది అద్దాన్ని కాదని తెలిసి చేతి వెనకతో కళ్ళు ఒత్తుకుంది.

ఇరుకు దాటగానే లోయ విచ్చుకుంది. ఎండ వచ్చింది. చెర్రీ చెట్లు పూసి ఉన్నాయి. కొండల నెత్తిన ఇంకా మంచుంది, దాని మీద రాబందులు తీరిగ్గా తిరుగుతున్నాయి. సిగ్నలు అందగానే స్టీరింగ్ పక్కనున్న ఫోను మోగింది. యాంటినా.

రెన్స్కా రోడ్డు మీంచి చూపు తిప్పకుండా, "నువ్వే తియ్యి," అంది. "అంతా చెప్పు. సగం సగం చెప్పావంటే ఇక్కడే దింపేస్తా."

దౌవె ఫోను చెవికి పెట్టుకుని గొంతు సవరించుకున్నాడు.

"నేనేరా, నాన్నని. అమ్మ నడుపుతోంది... ఊఁ, బాగానే నడుపుతోంది. నాకంటే నయం. ఇదిగో విను, నాకు ఎడమవైపు కనపడదు. కొంచెం కాదు, అసలు కనపడదు. ఇంక నేను బండి నడపను." అవతల నుంచి చాలాసేపు మాటలు వినిపించాయి. దౌవె ఓపిగ్గా విన్నాడు. "తిట్టు. అమ్మ ఆల్రెడీ తిట్టింది, నువ్వూ తిట్టు. ఊరికి రాగానే నువ్వు చెప్పిన డాక్టర్లందరి దగ్గరికీ వస్తా. కానీ నువ్వు చెప్తున్న ఆ బండి కావాలన్నాయనతో చెప్పు, వేరేది చూసుకోమని. ఇది ఖాళీగా లేదు. ఇందులో మేమున్నాం."

రెన్స్కా గేరు మార్చి, ఎత్తు దారి మీద బండిని కాస్త దూకించింది. దూరంగా మలుపులో తెల్లగా, ఎత్తుగా ఏదో మెరిసింది.

"దౌవె, ఒకటి వస్తోంది."

అతను సీట్లో మొత్తంగా ఇటు తిరిగాడు. ఎదురొచ్చే బండి కనపడాలంటే ముందు రెన్స్కా మొహాన్ని దాటి చూడాలి. ఆ మొహం దగ్గర అతని చూపు కాసేపు ఆగింది. చెమట పట్టి, జుట్టు రేగి, పెదవి బిగించి రోడ్డు చూస్తున్న ఆ మొహం ఊరు వదిలాక అతను తీరిగ్గా చూడటం ఇదే మొదలు.

"నన్ను కాదు, బండిని చూడు," అంది రెన్స్కా. "పోతోంది."

"చూస్తున్నాలే," అని ఫోనున్న చెయ్యే పైకెత్తాడు. ఎదుటి బండిలో ముసలాయనా ముసలావిడా చేతులెత్తారు. బండి కప్పు దాకా లేచిన ఫోనులోంచి యాంటినా, "నాన్నా? ఉన్నావా?" అంటోంది.

"ఉన్నాడు," అని రెన్స్కా అటు గట్టిగా చెప్పి, పచ్చికబయలు వైపు బండి తిప్పింది.